కారు ముందు నంబరు ప్లేటు బిగింపు

మోటారు వాహనానికి రవాణా శాఖ కేటాయించిన రిజిస్ట్రేషన్ నంబరును ఎదురుగా వచ్చేవారికి కనబడేలా కారు ముందు బంపర్ మీద అమర్చే పనిని ముందు నంబరు ప్లేటు బిగింపు అంటారు. భారతదేశంలో కారుకు ముందు ఒకటి, వెనక ఒకటి ప్లేటు ఉండి తీరాలి. వెనక ప్లేటుకు డిక్కీ తలుపో బంపరో కాపు కాస్తుంది, రాత్రిపూట దాని మీద దీపం వెలుగు పడుతుంది. ముందు ప్లేటుకు ఈ రెండూ లేవు. ఎదురుగాలి, దుమ్ము, బురద, నీటి తాకిడి, పార్కింగ్‌లో తగిలే చిన్న దెబ్బలు మొదట దానికే తగులుతాయి. అందుకే నంబరు సరిగా రాయించడంతో పని అయిపోదు. అది చదవడానికి వీలుగా, సులభంగా ఊడి రాకుండా నిలవడం కూడా అంతే ముఖ్యం. ఈ వ్యాసం దేశంలోని నిబంధనలను, బిగింపు పద్ధతులను వివరిస్తూ, కృత్తివెన్ను, మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలతో కూడిన దిగువ కృష్ణా డెల్టాలో ఎదురయ్యే పరిస్థితులను ప్రత్యేకంగా పరిశీలిస్తుంది.

చరిత్ర

వాహనాలకు గుర్తింపు పలకలు ఉండాలని 1893లో పారిస్ పోలీసులు ఉత్తర్వు ఇచ్చారు. 1898లో నెదర్లాండ్స్ దేశమంతటికీ వర్తించే పద్ధతిని తెచ్చింది. బ్రిటన్‌లో 1903 నాటి మోటారు కార్ల చట్టం 1904 జనవరి 1 నుంచి అమలై, ప్రతి కారుకూ నంబరు తప్పనిసరి చేసింది. భారతదేశంలో 1914 నాటి మోటారు వాహనాల చట్టం, తరువాత 1939 నాటి చట్టం రిజిస్ట్రేషన్‌కు రూపమిచ్చాయి. ఇప్పుడున్నది 1988 చట్టం. అది 1989 జులై 1న అమలులోకి వచ్చింది. దానికి తోడుగా వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 50, 51 నిబంధనలు నంబరు ప్లేటుకు సంబంధించినవి.

పాత మూడక్షరాల గుర్తులు పోయి, రాష్ట్రానికి రెండు అక్షరాలు, కార్యాలయానికి రెండు అంకెలు, ఆపైన వరుస అక్షరాలు, నాలుగంకెల నంబరు అనే నేటి పద్ధతి 1989 మార్పులతోనే వచ్చింది. సొంత కార్లకు అప్పట్లో నల్ల పలక మీద తెల్ల అక్షరాలు ఉండేవి. 2000ల తొలి సంవత్సరాల్లో అది తిరగబడి తెల్ల పలక మీద నల్ల అక్షరాలు అయింది. పాత తెలుగు సినిమాల్లో కనిపించే నల్ల ప్లేట్ల కార్లు ఆ మార్పుకు ముందువి.

కృష్ణా జిల్లా గుర్తులు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాకో సంఖ్య ఉండేది. కృష్ణా జిల్లాది ఏపీ 16, గుంటూరుది ఏపీ 07, పశ్చిమ గోదావరిది ఏపీ 37. రోడ్డు మీద ఎదురుపడిన కారు ఏ జిల్లాదో ముందు ప్లేటు చూసి చెప్పగలిగేవారు. అక్షరాలకూ అర్థాలుండేవి. టీ నుంచి వై వరకు రవాణా వాహనాలవి, పీ పోలీసులది, జడ్ ఆర్టీసీ బస్సులది.

2014 జూన్‌లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ టీఎస్ గుర్తు తీసుకుంది. 2024 మార్చిలో దాన్ని టీజీగా మార్చింది. 2019 జనవరి చివర్లో ఆంధ్రప్రదేశ్ జిల్లా సంఖ్యలను పక్కనపెట్టి, రాష్ట్రమంతటికీ ఒకే సంఖ్యగా ఏపీ 39ని ప్రవేశపెట్టింది. అప్పటి నుంచి మచిలీపట్నంలో రిజిస్టరైన కొత్త కారుకూ, శ్రీకాకుళంలో రిజిస్టరైన కారుకూ ప్లేటు మొదటి భాగంలో తేడా లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా జిల్లా, విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా ఏర్పడ్డాయి. కైకలూరు, నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. దాంతో పాత ఏపీ 16 ప్లేటు ఇప్పుడు మూడు జిల్లాల్లో తిరుగుతోంది. ఆ నంబర్లు ఇప్పటికీ చెల్లుతాయి. జిల్లా మారిందని ప్లేటు మార్చుకోనక్కర లేదు.

వేరే రాష్ట్రం నుంచి తెచ్చిన బండి సంగతి అలా కాదు. చట్టంలోని 47వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రపు వాహనాన్ని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి గుర్తు తీసుకోవాలి. హైదరాబాదులో కొన్న కారును స్థిరంగా గుడివాడలోనో అవనిగడ్డలోనో ఉంచుకునే కుటుంబాలకు ఈ నిబంధన తగులుతుంది. కొత్త నంబరు వస్తే రెండు ప్లేట్లూ కొత్తగా బిగించాలి. బదిలీల మీద రాష్ట్రాలు మారే ఉద్యోగుల కోసం 2021లో బీహెచ్ సిరీస్ వచ్చింది. అందులో మొదట రిజిస్ట్రేషన్ సంవత్సరపు అంకెలు, ఆపైన బీహెచ్, తరువాత నంబరు, చివర అక్షరాలు ఉంటాయి.

రంగులు, కొలతలు

సొంత కారుకు తెల్ల పలక మీద నల్ల అక్షరాలు, టాక్సీకి పసుపు పలక మీద నల్ల అక్షరాలు. అద్దెకు తీసుకున్నవారు తామే నడుపుకునేలా ఇచ్చే కార్లకు నల్ల పలక మీద పసుపు అక్షరాలు. విద్యుత్ వాహనాలకు ఆకుపచ్చ పలక. అందులో సొంత బండికి తెల్ల అక్షరాలు, రవాణా బండికి పసుపు అక్షరాలు. తాత్కాలిక రిజిస్ట్రేషన్ అంటే జనం టీఆర్ నంబరు అనేదానికి పసుపు పలక మీద ఎర్ర అక్షరాలు వాడతారు.

కారు ప్లేటుకు రెండు కొలతలున్నాయి. ఒకటి 500 మి.మీ. పొడవు, 120 మి.మీ. వెడల్పు ఉండే సన్నని పలక. రెండోది 340 మి.మీ. పొడవు, 200 మి.మీ. ఎత్తు ఉండే పలక. ముందు బంపర్‌కు ఎక్కువగా మొదటిదే వస్తుంది, నంబరంతా ఒకే వరుసలో ఉంటుంది. అక్షరాల ఎత్తు 65 మి.మీ., గీత మందం 10 మి.మీ., అక్షరాల మధ్య ఖాళీ 10 మి.మీ. ఉండాలని 51వ నిబంధన చెబుతుంది. అక్షరాలు ఇంగ్లీషువే, అంకెలు 1, 2, 3 రూపంలోవే ఉండాలి. తెలుగు అంకెల్లో రాయించుకున్న ప్లేటు చట్టం దృష్టిలో ప్లేటు కాదు. వంకర అక్షరాలు, ఒక అంకెను పెద్దదిగా చేసి పేరులా చదివించడం కూడా నిబంధనకు విరుద్ధమే.

హై సెక్యూరిటీ ప్లేటు

దొంగ నంబర్లను అరికట్టడానికి కేంద్రం 2001లో 50వ నిబంధనను సవరించి హై సెక్యూరిటీ రిజిస్ట్రేషన్ ప్లేటును నిర్దేశించింది. టెండర్ల మీద వివాదాలు సుప్రీంకోర్టుకు వెళ్లగా 2004లో ఆ నిబంధనలను కోర్టు సమర్థించింది. రాష్ట్రాలు అమలు చేయడం లేదంటూ మణిందర్‌జీత్ సింగ్ బిట్టా వేసిన పిటిషన్ మీద ఆపై పలుమార్లు ఆదేశాలు వెలువడ్డాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ ప్లేట్లు 2013 చివర మొదలయ్యాయి. 2018 డిసెంబరు నోటిఫికేషన్‌తో బాధ్యత వాహన తయారీదారుల మీద పడింది. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన ప్రతి కొత్త వాహనానికీ తయారీదారే ప్లేట్లు ఇవ్వాలి, షోరూంలోనే బిగించాలి.

ఈ ప్లేటు 1 మి.మీ. మందమున్న అల్యూమినియం మిశ్రమ రేకు. నాలుగు మూలలూ గుండ్రంగా ఉంటాయి. ముఖం మీద వెలుతురును వచ్చిన దిక్కుకే తిప్పి పంపే పొర అంటించి ఉంటుంది. ఎదురు బండి హెడ్‌లైటు పడగానే పలక మెరిసేది అందుకే. అంకెలను అచ్చుతో ఉబ్బెత్తుగా కొట్టి, వాటి మీద వేడితో నల్ల పొర అద్దుతారు. ఆ పొర మీద ఏటవాలుగా ‘ఇండియా’ అనే అక్షరాలు సన్నగా కనబడతాయి. ఎడమ పై మూలన 20 మి.మీ. చదరపు క్రోమియం హోలోగ్రాంలో చక్రం, దాని కింద నీలి రంగులో ‘ఐఎన్‌డీ’, ఎడమ కింది మూలన కనీసం 10 అంకెల లేజర్ సంఖ్య ఉంటాయి. ముందు ప్లేటు లేజర్ సంఖ్య వేరు, వెనకదాని సంఖ్య వేరు. రెండూ బండి రికార్డుకు జతపడి ఉంటాయి.

కారుకు మూడో ప్లేటు కూడా ఉంది. అది 100 × 60 మి.మీ. స్టిక్కరు. ముందు అద్దం లోపలి వైపు అంటిస్తారు. పెట్రోలు, సీఎన్‌జీ బళ్లకు లేత నీలం, డీజిలుకు నారింజ, మిగతావాటికి బూడిద రంగు. బీఎస్ 6 బండికి పైన ఆకుపచ్చ పట్టీ ఉంటుంది. దాని మీద ముందు, వెనక ప్లేట్ల లేజర్ సంఖ్యలూ ఉంటాయి. పీకితే చిరిగిపోయేలా తయారు చేస్తారు కనుక ఒక కారు స్టిక్కరు మరో కారుకు పనికిరాదు.

బంపర్ మీద చోటు

నేటి కార్ల బంపర్ పైకి కనిపించే భాగం పాలీప్రొపిలీన్ జాతి ప్లాస్టిక్. దాని వెనక నురుగు దిమ్మె, ఆ వెనక ఉక్కు దూలం ఉంటాయి. తయారీదారులు ప్లేటు కోసం బంపర్ మధ్యలో కొంత చదునైన చోటు వదిలి, స్క్రూలకు గుంటలో రంధ్రాలో ముందే ఇస్తారు. ఆ చోటు ఎక్కడ పడితే అక్కడ ఉండదు. రేడియేటర్‌కు గాలి పోయే జాలీని ప్లేటు మూయకూడదు. ముందు పార్కింగ్ సెన్సర్లకు, పొగమంచు దీపాలకు, బండిని లాగే కొక్కెం తగిలించే మూతకు అడ్డం రాకూడదు. ముందు బండి దూరాన్ని కొలిచి బ్రేకు వేసే కొత్త కార్లలో రాడార్ పెట్టె లోగో వెనకో కింది జాలీలోనో దాగి ఉంటుంది. అల్యూమినియం రేకు దానికి అడ్డుపడితే రాడార్ చూపు పోతుంది. అందుకని ప్లేటును యజమాని ఇష్టం వచ్చినట్లు పైకీ కిందికీ జరపడం ప్రమాదకరం.

పలక నిటారుగా, ఎదురు దిక్కుకు తిన్నగా ఉండాలి. పైకి వాలితే ఎండ తగిలి తళుక్కుమంటుంది, కెమెరాకు అంకెలు అందవు. కిందికి వాలితే హెడ్‌లైటు వెలుగు తిరిగి రాక రాత్రి చదవడం కష్టమవుతుంది.

బిగించే పద్ధతులు

హై సెక్యూరిటీ ప్లేట్లలో వెనకదాన్ని తిరిగి తీయలేని స్నాప్ లాక్‌తో బిగించాలని నిబంధన. ఇప్పుడు షోరూంలలో ముందు ప్లేటుకూ ఇవే వాడుతున్నారు. ఒకసారి నొక్కి లోపలి పళ్లు పట్టుకుంటే స్నాప్ లాక్ వెనక్కి రాదు. తీయాలంటే పగలగొట్టాల్సిందే. అందుకే దాన్ని బిగించే ముందు కొలతలు రెండుసార్లు చూసుకోవాలి.

పని క్రమం ఇలా ఉంటుంది. ముందుగా ప్లేటు మీది నంబరును, లేజర్ సంఖ్యను ఆర్‌సీతోనూ రసీదుతోనూ పోల్చి చూస్తారు. బంపర్ మీద మధ్య గీతను కొలుచుకుని ప్లేటును తాత్కాలికంగా టేపుతో నిలిపి, దూరం నుంచి వంకర ఉందేమో గమనిస్తారు. తయారీదారు ఇచ్చిన రంధ్రాలుంటే వాటినే వాడతారు. లేకపోతే సన్నని డ్రిల్లుతో మొదలుపెట్టి, బిగింపుకు సరిపడేంత మాత్రమే పెంచుతారు. రంధ్రాలను అంకెల మీద, హోలోగ్రాం మీద, లేజర్ సంఖ్య మీద పడకుండా ఎడమ కుడి అంచుల్లో వేస్తారు. బంపర్ వెనక వైరింగు, రేడియేటర్ గొట్టం లేవని ముందే చూసుకోకపోతే డ్రిల్లు లోపలికి దిగి నష్టం చేస్తుంది. రెండు వైపులా లాక్ కూర్చోబెట్టాక ప్లేటును చేత్తో కదిపి చూస్తారు. కదిలితే నడిచేటప్పుడు గలగల మోగుతుంది, ఆ కదలికకే రంధ్రాలు సాగి చివరకు చిరుగుతాయి.

బంపర్ వంపు ఎక్కువగా ఉన్న కార్లలో పలకను నేరుగా బిగిస్తే మధ్యలో వంగిపోతుంది. వాటికి ప్లాస్టిక్ పీఠం వేసి దాని మీద ప్లేటు అమర్చాలి. ఈ పీఠం వెనక ఆధారంగా మాత్రమే ఉండాలి. ముందు నుంచి అంచులు మూసే ఫ్రేములు, మీద పారదర్శక మూతలు అక్షరాలనో హోలోగ్రాంనో కప్పేస్తే ప్లేటు ఉన్నా తనిఖీలో లేనట్లే లెక్క.

డెల్టా గాలిలో, నీటిలో

కృత్తివెన్ను మండలం బంగాళాఖాతం ఒడ్డున ఉంది. ఉప్పుటేరు దాటితే పశ్చిమ గోదావరి. మండలంలో రొయ్యల చెరువులు విస్తారం. కత్తిపూడి నుంచి ఒంగోలు పోయే 216వ జాతీయ రహదారి ఇక్కడి నుంచి పెడన మీదుగా మచిలీపట్నం, ఆపై చల్లపల్లి, మోపిదేవి వైపు సాగుతుంది. ఉప్పుగాలి, చెరువు గట్ల బురద, వానాకాలంలో రోడ్డు మీదికెక్కే నీరు ఈ ప్రాంతపు బళ్లకు రోజువారీ సంగతులు.

ఉప్పు తేమలో రెండు వేర్వేరు లోహాలు తాకి ఉంటే వాటిలో ఎక్కువ చురుకైనది ముందు తినబడుతుంది. ప్లేటు అల్యూమినియం, స్క్రూ మామూలు ఇనుము అయితే తుప్పు స్క్రూ మీద ఎర్రగా కనబడుతుంది, రంధ్రం చుట్టూ అల్యూమినియం తెల్ల పొడిగా రాలుతుంది. కొన్నాళ్లకు రంధ్రం పెద్దదై పలక వేలాడుతుంది. తుప్పు పట్టని స్టీలు స్క్రూ తానైతే నిలుస్తుంది. దాని తల కింద నైలాన్ వాషరు వేస్తే పలకకు కూడా రక్షణ. అల్యూమినియం రివెట్లకు ఈ ఇబ్బంది లేదు, రెండూ ఒకే జాతి లోహం. కానీ రివెట్ కొట్టి బిగించినప్పుడు వెనక వాషరు లేకపోతే మెత్తని బంపర్ ప్లాస్టిక్ చిరిగిపోతుంది.

రెండో ముప్పు నీటిది. మోకాలి లోతు నీటిలో కారు వేగంగా పోతే బంపర్ ముందు అలలా లేచిన నీరు ప్లేటు మీద మొత్తం పలకంత వైశాల్యంలో నెడుతుంది. 500 × 120 మి.మీ. పలక అంటే 600 చదరపు సెంటీమీటర్లు. వెనక ఆధారం లేకుండా రెండు చివర్లే పట్టి ఉంటే మధ్యలో వంగి, ఒక చివర ఊడి, నీటిలో కొట్టుకుపోతుంది. కారు నడిపేవారికి అది తెలిసేది నీరు దాటిన చాలాసేపటికి. పీఠం మీద పూర్తిగా ఆని ఉన్న ప్లేటు ఈ తాకిడిని మెరుగ్గా తట్టుకుంటుంది. నీటిలో నెమ్మదిగా పోవడం ఇంజనుకెంత మేలో ప్లేటుకూ అంతే.

మెరుపు పొర మీద ఉప్పు, బురద పేరుకుంటే రాత్రి అంకెలు మసకబారతాయి. సబ్బునీటితో మెత్తని గుడ్డ పెట్టి తుడవడం చాలు. థిన్నరు, పెట్రోలు తగిలితే అంకెల నల్ల పొర లేచిపోతుంది. పొర పోయిన అంకెల మీద బ్రష్‌తో రంగు వేయడం వాడుకలో ఉన్నా సరైనది కాదు. పలక మార్చుకోవడమే దారి.

అలంకారాలు, అడ్డంకులు

కొత్త కారు పూజలో బంపర్‌కు పసుపు పూసి బొట్లు పెట్టడం, పూలదండ కట్టడం, నిమ్మకాయలు మిరపకాయలు గుచ్చి ముందు వేలాడదీయడం తెలుగునాట ఆచారం. దసరాకు ఇవి మరీ ఎక్కువ. దండ ప్లేటు మీద పడకుండా జాలీకి కట్టడం, బొట్లు అక్షరాల మీద పెట్టకపోవడం సరిపోతుంది. ప్లేటు మీద కులం పేరు, పార్టీ గుర్తు, హీరో పేరు, ‘ప్రెస్’, ‘గవర్నమెంటు’ వంటి మాటలు అంటించడం నిబంధనకు విరుద్ధం. రిజిస్ట్రేషన్ గుర్తు తప్ప అక్కడ మరేదీ ఉండకూడదు.

ఒకప్పుడు ఊళ్లలో పెద్ద కార్లకు బుల్ గార్డులు బిగించి, నంబరును ఆ గొట్టాల వెనక పెట్టేవారు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ బుల్ బార్ల మీద చర్య తీసుకోవాలని రాష్ట్రాలకు రాసింది. అవి నంబరును మరుగుపరచడం చిన్న సంగతి. ఢీకొన్నప్పుడు పాదచారులకు చేసే హాని, ఎయిర్‌బ్యాగు సెన్సర్లకు కలిగించే అడ్డంకి పెద్దవి.

ముందు ప్లేటుకు ఇప్పుడు చూపరులు మనుషులే కాదు. హైదరాబాదు నుంచి విజయవాడ మీదుగా మచిలీపట్నం వచ్చే 65వ జాతీయ రహదారి మీద దావులూరు టోల్ ప్లాజా ఉంది. అక్కడ ఫాస్టాగ్ కారు నంబరుకు జతపడి ఉంటుంది. ట్యాగు ఒక నంబరు, ప్లేటు మరో నంబరు చెబితే చిక్కే. ఈ-చలానా కెమెరాలు కూడా అంకెలను యంత్రంతోనే చదువుతాయి.

గుర్తును నిర్ణీత రీతిలో ప్రదర్శించని వాహనాన్ని రోడ్డు మీద నడపకూడదని 39వ సెక్షన్ చెబుతుంది. ప్లేటు లోపాలకు సాధారణంగా వాడే 177వ సెక్షన్ జరిమానాను 2019 సవరణ మొదటిసారికి రూ. 100 నుంచి రూ. 500కు, ఆపై రూ. 300 నుంచి రూ. 1,500కు పెంచింది. నంబరును కావాలని మార్చి మోసగిస్తే అది జరిమానాతో పోయే విషయం కాదు, క్రిమినల్ కేసవుతుంది.

ఇతర దేశాల్లో

ముందు ప్లేటు ప్రపంచమంతటా తప్పనిసరి కాదు. అమెరికాలో అది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. తెలుగువారు ఎక్కువగా ఉన్న టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీ, వర్జీనియా, ఇల్లినాయిల్లో రెండు ప్లేట్లు ఉండాలి. జార్జియా, నార్త్ కరోలినా, ఫ్లోరిడా, మిషిగన్, పెన్సిల్వేనియాల్లో వెనకది ఒక్కటే చాలు. ఒహాయో 2020 జులై నుంచి ముందు ప్లేటును వదిలేసింది. అట్లాంటాలో కొన్న కారుకు ముందు బంపర్‌లో రంధ్రాలే ఉండకపోవచ్చు. ఆ కుటుంబం డాలస్‌కు మారితే బంపర్‌ను తొలచడమా, లాగే కొక్కెం మరకు తగిలించే స్టాండు కొనడమా అనే ప్రశ్న వస్తుంది. రంధ్రం వేయనక్కరలేదు కనుక కారు అందం చెడకూడదనుకునేవారు రెండోదాన్ని ఎంచుకుంటారు. కెనడాలో ఒంటారియో, బ్రిటిష్ కొలంబియా రెండు ప్లేట్లు అడుగుతాయి. క్యూబెక్, అల్బర్టా అడగవు. బ్రిటన్‌లో ముందు పలక తెలుపు, వెనకది పసుపు. రాత్రిపూట ఎదురొచ్చే బండేదో, ముందు పోయే బండేదో రంగే చెబుతుంది.

ఒక్క ప్లేటు చాలన్న చోట ఖర్చు తగ్గుతుంది. రెండూ కావాలన్న చోట వాహనాన్ని ఏ దిక్కు నుంచైనా గుర్తించే వీలుంటుంది. భారత నిబంధనలు రెండో దాన్నే ఎంచుకున్నాయి.

ఊడినా, విరిగినా

ముందు ప్లేటు పోతే స్టిక్కరింగ్ షాపులో అదే నంబరు రాయించి అంటించుకోవడం అలవాటుగా జరుగుతుంది. హై సెక్యూరిటీ ప్లేటున్న బండికి అది చెల్లదు. పోయిన పలక మరో బండికి ఎక్కితే నేరం జాడ అసలు యజమాని ఇంటికే వస్తుంది. కనుక మొదట పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి ప్రతి తీసుకోవాలి. ఆ తరువాత ఆర్‌సీ వివరాలతో డీలరు ద్వారానో తయారీదారులు అనుమతించిన ఆన్‌లైన్ పద్ధతిలోనో కొత్త ప్లేటుకు దరఖాస్తు చేయాలి. వంగిపోయిన, విరిగిన పాత పలక చేతిలో ఉంటే అప్పగించాలి. కొత్తదానికి కొత్త లేజర్ సంఖ్య వస్తుంది కాబట్టి అద్దం మీది స్టిక్కరునూ మార్చుకోవాలి. పాత స్టిక్కరులో ఉన్న సంఖ్య కొత్త పలకతో కలవకపోతే తనిఖీలో నిజమైన ప్లేటే అనుమానాస్పదమవుతుంది. బంపర్ మార్చిన ప్రమాద మరమ్మతుల్లో ఈ పని తరచు మరిచిపోతారు. బండిని వర్క్‌షాపు నుంచి తీసుకునేటప్పుడు ముందు ప్లేటు తిరిగి బిగించారా, అది అసలుదేనా, లాకులు కొత్తవేనా అని చూసుకోవడం యజమాని బాధ్యత.